చక్కెర సూది, కాటమయ్య మొక్కు

ఆ రోజు మా ఆయన రాజేశం మూడో తాటిచెట్టు సగం దాకా ఎక్కి, కల్లు గీయకుండానే దిగి ఇంటికి వచ్చాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో అట్లాంటిది నేను చూడలేదు. వాన పడుతుంటే ఎక్కకుండా ఆగిన రోజులున్నాయి గానీ ఎక్కిన చెట్టును నడుమ వదిలిన రోజు లేదు. చెట్టెక్కే మోకు, నడుముకు బిగించే ముత్తాదు కొయ్యకు తగిలించి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను, చాట ముందట పెట్టుకొని బీడీలు చుడుతూనే.

"ఏం కాలే. దమ్ము అస్తలేదు. మెడ కింద ఏదో ఒత్తినట్టైతంది."

లేచి చెయ్యి పెట్టి చూశాను. ఎడమ పక్క, మెడ మొదట్లో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. ఒత్తినా ఆయన ముఖం మారలేదు.

"నొయ్యలేదా?"

"లేదు. నొయ్యకుంటే ఏం గాదు తీయ్" అన్నాడు.

నొయ్యని గడ్డకే ఎక్కువ భయపడాలని నేను అప్పటికే చదివి ఉన్నాను. మళ్లీ చాట ముందు కూర్చున్నాను గానీ ఆ పూట చుట్టిన బీడీలు సగం వదులుగా వచ్చాయి.

నా గురించి ఇక్కడే చెప్పాలి. నా పేరు భాగ్య. ఏడో తరగతి దాకా బడికి పోయాను. కథలాపూర్ దగ్గర మా ఊరు. బీడీ కంపెనీ పని మీద కోరుట్ల పోయినప్పుడల్లా అక్కడి లైబ్రరీలో రెండు గంటలు కూర్చుంటాను. మొదట్లో కథల పుస్తకాలు చదివేదాన్ని. తర్వాత సైన్సు అల్మారా పట్టుకున్నాను. పదిహేనేళ్లలో ఆ అల్మారా అంతా చదివాను, కొన్ని రెండుసార్లు కూడా. చదివింది నోటుబుక్కులో రాసుకుంటాను. మా వాడకట్టులో ఎవరికి జ్వరం వచ్చినా "భాగ్యక్కను అడుగుండ్రి" అంటారు. ఆ మాట వింటే నాకు సంతోషంగా ఉండేది. ఈ కథలో తప్పు అక్కడి నుంచే వచ్చింది కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

ఊర్లో ఆర్ఎంపీ ఇచ్చిన గోలీలు రెండు వారాలు వేశాం. గడ్డ తగ్గలేదు. పొద్దున లేచేసరికి ఆయన బనీను పిండితే నీళ్లు కారేట్టు చెమట పట్టేది. లుంగీ ముడి వదులై జారిపోయేది. జగిత్యాలలో సర్జన్ దగ్గరికి పోయాం. సర్జన్ మా ఆయన మెడ, చంకలు, గజ్జలు అన్నీ ఒత్తి చూశాడు. చెయ్యి ఎడమ చంకలో ఎక్కువసేపు ఆగింది. నేను ఆ చేతినే చూస్తున్నాను.

"సూదితోటి తీసే ముక్క సాలదు. ఒక గడ్డను, అంటే నోడ్‌ను, మొత్తం తీసి బయాప్సీకి పంపుదాం" అన్నాడు.

రిపోర్టుకు పన్నెండు రోజులు పట్టింది. సిరిసిల్లలో నర్సింగ్ చదువుతున్న మా బిడ్డ మౌనిక జగిత్యాలకు వచ్చి మాకంటే ముందే రిపోర్టు చదివింది. చదివి మా దిక్కు చూడకుండా కిటికీ దిక్కు చూసింది. నాకు అప్పుడే తెలిసిపోయింది. రిపోర్టులో ఉన్న పేరు డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా.

"ఇది కేన్సరే. దూకుడు రకం. గని మందుకు లొంగే రకం గూడ. భయపడుకుంట కూసుంటే టైం పోతది, హైదరాబాద్ పోండ్రి" అన్నాడు డాక్టర్.

బయటికి వచ్చాక మా ఆయన, "లొంగుతదన్నడు గద. లొంగదీద్దాం" అన్నాడు. బస్సులో నా పక్కన కూర్చున్నాక మాత్రం ఆయన మోకాలు ఆగకుండా వణుకుతూనే ఉంది. నేను దాని మీద చెయ్యి పెట్టాను.

హైదరాబాద్ పోయే ముందు కోరుట్ల లైబ్రరీకి ఉరికాను. అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో, వైద్యంలో అణుశక్తి గురించి ఒక అధ్యాయం ఉందని నాకు గుర్తు. దొరికింది. లింఫోమాను వెతకడానికి గాలియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని సూదితో ఎక్కిస్తారట. రోగి ఇంటికి పోయి, రెండు మూడు రోజులు తన పనులు తాను చేసుకొని, మళ్లీ వచ్చి కెమెరా కింద పడుకుంటాడట. బతికున్న గడ్డ గాలియాన్ని పట్టి ఉంచుకుంటుంది. చచ్చిన గడ్డ పట్టదు. కడుపు శుభ్రం కావడానికి విరేచనాల మందు ఇస్తారు, అంతే. అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. భయంలో మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నేను ఆ నోటుబుక్కును పట్టుకున్నాను.

హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రి. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కింది అంతస్తులో ఉంది. మందంగా, బరువుగా ఉన్న తలుపులు. వాటి మీద పసుపు రంగు గుర్తు. అక్కడి డాక్టరమ్మను నేనే అడిగాను.

"మేడం, గాలియం ఎక్కిస్తరా?"

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "గాలియం గురించి ఎక్కడ విన్నావమ్మా?"

"చదివిన మేడం. కోరుట్ల లైబ్రరీల."

ఆమె నవ్వింది, వెక్కిరింపుగా కాదు. "లింఫోమాకు ఆ స్కాన్ నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చూశాను. ఇప్పుడు ఎఫ్‌డీజీ ఇస్తున్నాం. అది చక్కెర లాంటిది. కేన్సర్ కణాలు చక్కెర ఎక్కువ తింటాయి. ఇచ్చిన గంటకే ఫొటో తీస్తాం, బొమ్మ కూడా చాలా స్పష్టంగా వస్తుంది. పెట్ సీటీ అంటారు."

నేను అదీ రాసుకున్నాను. నాకు నేను ఇట్లా అర్థం చెప్పుకున్నాను: గాలియం పల్లెవెలుగు బస్సు, ఎఫ్‌డీజీ ఎక్స్‌ప్రెస్. రెండూ పోయేది ఒక ఊరికే, ఒకటి తొందరగా పోతుంది. ఆ పోలిక నాకు ఎంత నచ్చిందంటే, మౌనికకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

"అమ్మా, నీ పుస్తకం నేను పుట్టకముందుది గావచ్చు. డాక్టర్లు చెప్పింది చేయుండ్రి, చాలు" అంది.

మొదటి స్కాన్ నాటికి ఆయన గ్లాసు ఎత్తినా ఆయాసపడుతున్నాడు. బొమ్మలో మెడ, రొమ్ము నడుమ, ఎడమ చంక నిప్పుకణికల్లా వెలిగాయి. అది చూపించినప్పుడు ఆయన ఒక్క మాట అన్నాడు, "గివన్ని నా లోపట్నే ఉన్నయా?"

ఆర్-చాప్ అనే కీమో ఆరు సైకిళ్లు, మూడు వారాలకు ఒకటి. ఎర్ర మందు ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వచ్చేది. మొదటిసారి రక్తమనుకొని అరిచాను. రెండో సైకిల్‌కు తల, మీసం, కనుబొమ్మలు పోయాయి. నాలుగో సైకిల్ తర్వాత చలిజ్వరం వచ్చింది. తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు. ఆరు రోజులు వార్డులో ఉన్నాం. పక్క మంచం ఆయనను ఒక పొద్దున బట్ట కప్పి తీసుకుపోయారు. మా ఆయన గోడ దిక్కు తిరిగి పడుకొని, "భాగ్యా, ఆయనది గూడ లొంగే రకమేనట" అన్నాడు. నేను దుప్పటి ఆయన భుజం దాకా లాగాను.

అంతకు ముందు, మూడో సైకిల్ తర్వాత తీసిన స్కాన్‌లో మెడ, రొమ్ము ఆరిపోయాయి. ఎడమ చంకలో మాత్రం కొంచెం వెలుగు మిగిలింది. ఆరు సైకిళ్లూ అయిపోయాక, కొన్ని వారాలు ఆగి ఆఖరి స్కాన్ అన్నారు. కేన్సర్ డాక్టర్ విడమరిచి చెప్పాడు, "చంకలో వెలుగు ఆరితే మందులు ఆపేస్తాం. ఆరకపోతే సెకండ్ లైన్ కీమో, ఆ తర్వాత స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ దాకా పోవాల్సి రావచ్చు." చెట్లు మాత్రం ఎక్కవద్దని, ఎముకలు, కండలు ఇంకా బలహీనంగా ఉన్నాయని గట్టిగా చెప్పాడు.

స్కాన్‌కు ముందు పాటించాల్సినవి మౌనిక ఫోన్‌లో చదివి వినిపించింది. ఆరు గంటలు ఏమీ తినవద్దు. ఒక రోజు ముందు నుంచి శరీరానికి శ్రమ ఇవ్వవద్దు. సరే సరే అన్నాం.

ముందు రోజు పొద్దున చూస్తే ఆయన మోకు దులుపుతున్నాడు.

"ఏడికి?"

"కాటమయ్యకు మొక్కుకున్న, వార్డుల ఉన్నప్పుడు. ఆఖరి ఫొటోకు పోయేముందు నా చేత్తోని దింపిన కల్లు సాక పోస్తనని."

కాటమయ్య మా గౌడుల దేవుడు. చెట్టు మీద మనిషిని కాపాడేది ఆయనే. నాకు కాదనే ధైర్యం లేదు.

"డాక్టరు ఎక్కద్దన్నడు గద?"

"పడుతనని ఎక్కద్దన్నడు. ముప్పై ఏండ్ల సంది ఎక్కుతున్న, నేను పడుతనా? నువ్వే చెప్పు, నీ పుస్తకంల ఎక్కద్దని ఉన్నదా?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. గాలియం ఎక్కించుకున్నవాళ్లు రెండు రోజులు పనులు చేసుకొనే వచ్చి కెమెరా కింద పడుకునేవారు. పని చేస్తే బొమ్మ చెడేదైతే వాళ్లను ఇంటికెట్ల పంపుతారు? పల్లెవెలుగుకు లేని ఇబ్బంది ఎక్స్‌ప్రెస్‌కు ఎందుకుంటుంది?

"లేదు. అండ్ల అట్లేం లేదు. ఒక్కటే ఎక్కి దిగు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

మా పాలోళ్ల, అంటే దాయాదుల చెట్లు అప్పుడు కల్లు పారుతున్నాయి. కింద నలుగురు చేరారు. "అరే రాజేశం మామా, కీమోల కల్లు గలిపిన్రా ఏంది, గంత హుషారున్నవ్?" అని ఒకడు. "గుండు మెరుస్తంది, పిట్టలు గుడ్డు అనుకుంటయి, పైలం!" అని ఇంకొకడు. ఏడు నెలల తర్వాత ఆయన నవ్వడం విన్నాను. ఒక్కటే ఎక్కమంటే నాలుగు ఎక్కాడు. చుక్క తాగకుండా అంతా దేవుని ముందు ధారగా సాక పోశాడు. దండం పెడుతుంటే ఆయన చేతులు, తొడలు వణుకుతున్నాయి. భక్తి అనుకున్నాను.

తెల్లారి హైదరాబాద్. ఖాళీ కడుపు. షుగర్ చూశారు, బాగానే ఉంది. టెక్నీషియన్ అడిగాడు, "నిన్న ఏమైనా బరువు పని చేశావా?"

"పనేం లేదు సార్. ఏడు నెలల సంది ఇంట్లనే ఉంటున్న" అన్నాడు ఆయన.

అబద్ధం చెప్తున్నానని ఆయన అనుకోలేదు. ఆయన లెక్కలో అది పని కాదు, మొక్కు. నేను పక్కనే ఉన్నాను. చెప్తే చెట్టెక్కనిచ్చినందుకు తిడతారని నోరు మెదపలేదు.

సూది వేసి, దుప్పటి కప్పి, మాట్లాడవద్దని ఒక గదిలో గంటసేపు కూర్చోబెట్టారు. తర్వాత స్కాన్. అయిపోయిందనుకున్నాక మళ్లీ పడుకోమన్నారు. చివరికి డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. ఆమె ముఖంలో ఈసారి నవ్వు లేదు.

"భుజాలు, చేతులు, తొడలు, అన్నిచోట్లా కండరాలు మందును బాగా పీల్చుకున్నాయి. తిన్నాడా?"

"లేదు మేడం."

"శ్రమ చేయలేదు, తినలేదు. షుగర్ సరిగానే ఉంది. అరుదే గానీ లింఫోమా కండరాల్లోకి కూడా రావచ్చు. చంకలో నోడ్ ఉందో లేదో ఈ వెలుగులో కనిపించడం లేదు. మీ కేన్సర్ డాక్టర్‌తో మాట్లాడతాను."

కేన్సర్ డాక్టర్, "రెండు రోజులు ఆగండి. అందరం కూర్చొని చూస్తాం. కండ నుంచి బయాప్సీ తీయాల్సి రావచ్చు" అన్నాడు.

తిరిగివస్తూ, ఆ రెండు రోజులకని సిరిసిల్లలో దిగాం. మౌనిక ఇద్దరు స్నేహితురాళ్లతో ఉండే చిన్న గది. వాళ్లు కాలేజీకి పోయారు. ఆయన ఒక మూలకు ఒరిగి, చేతులు ముందుకు చాపి చూసుకుంటున్నాడు. "ఒళ్లంత పాకిందంటవా?" అని అడిగాడు. నేను లేచి చెంబుతో నీళ్లిచ్చాను. ఆ రెండు రోజుల్లో ఆయన చనిపోయాక నేను ఏ చీర కట్టుకొని ఉంటానో, గుమ్మంలో ఎవరెవరు కూర్చుంటారో అన్నీ నా కళ్ల ముందు వచ్చాయి. ఆపాలన్నా ఆగలేదు.

రెండో రోజు మౌనిక కాలేజీలో ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, ఆస్పత్రివాళ్లు ఇచ్చిన సీడీలోని బొమ్మ తెరిచింది. నల్లటి మనిషి ఆకారం మీద వెలుగులు. నేను దగ్గరికి జరిగాను.

ముంజేతుల లోపలి వైపు. భుజాల వెనుక. తొడల లోపలి పక్క. నడుముకు రెండు దిక్కులా, ముత్తాదు ఒత్తే చోట.

ఆ చోట్లు నాకు తెలుసు. పెళ్లైన నాటి నుంచి ఆయన చెట్టు దిగి వచ్చిన ప్రతి సాయంత్రం నేను నూనె పెట్టి పిసికిన చోట్లు అవే. ఎడమా కుడీ ఒక్క తీరుగా ఉన్నాయి. రోగం ఇంత సమానంగా పంచుకొని వస్తుందా?

"మౌనికా, బాపు మొన్న తాటిచెట్లెక్కిండు."

ఆమె నా దిక్కు తిరిగింది. "ఎన్ని?"

"నాలుగు."

"ఏడు నెలల తర్వాత? స్కాన్‌కు ముందు రోజు? నేను ఫోన్‌ల చదివి చెప్పలేదా అమ్మా?"

"నా పుస్తకంల గాలియానికి..."

"గాలియానికి! బాపుకు ఎక్కించింది గాలియమా?" ఏడుస్తూనే అరిచింది. మూలకు ఒరిగిన ఆయన, "దాన్నేమనకు బిడ్డా, ఎక్కింది నేను" అన్నాడు.

మౌనిక అప్పటికప్పుడు ఆస్పత్రికి ఫోన్ చేసింది. కాసేపటికి డాక్టరమ్మ లైన్‌లోకి వచ్చింది. ఫోన్ నేను తీసుకున్నాను. చెప్పాను. మొక్కు, చెట్లు, పుస్తకం, నేను నోరు మూసుకొని నిలబడ్డది, అన్నీ.

ఆమె అడిగింది, "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"పని అనుకోలే మేడం. దేవుని కార్యం అనుకున్నం."

"చూడు. గాలియం ఒంట్లోకి పోయి ఇనుములాగా నడుచుకుంటుంది. కండను అంతగా పట్టించుకోదు. అందుకే వాళ్లను పనులకు పంపినా నడిచింది. ఎఫ్‌డీజీ చక్కెరలాగా నడుచుకుంటుంది. ఎవరికి ఆకలి ఉంటే వాళ్ల దగ్గరికి పోతుంది. నిన్న కష్టపడిన కండ ఈ రోజు ఆకలితో ఉంటుంది. రెండింటికీ తేడా వేగంలో కాదు, ఏది దాన్ని తింటుందన్న దాంట్లో ఉంది."

నా బస్సుల పోలిక అక్కడే కూలిపోయింది. నాలో ఒక చిన్న ఆశ లేచింది. ఆమె దాన్ని పెరగనివ్వలేదు.

"అయితే ఒకటి గుర్తుపెట్టుకో. కండల వెలుగుకు కారణం దొరికింది. చంకలో ఏముందో ఇంకా తెలియదు. కండ వెలుగు వెనుక నోడ్ వెలుగు దాక్కొని ఉండవచ్చు. బయాప్సీ ఆపమంటాను. పది రోజులు పూర్తిగా విశ్రాంతి ఇచ్చి మళ్లీ తీద్దాం."

ఆ పది రోజులు ఎట్లా గడిచాయో రాయడం కష్టం. ఆయనను చెంబు కూడా ఎత్తనివ్వలేదు. "బాలింతను జేసి కూసోవెట్టినవ్" అని విసుక్కునేవాడు. స్నానం చేసేటప్పుడు తలుపు వేసుకొని తన చంక తానే తడుముకునేవాడు. తలుపు ఇవతల నేను నిలబడేదాన్ని. నోటుబుక్కు తెరవలేదు. ఒక్కరోజు మాత్రం కోరుట్ల పోయి ఆ పుస్తకం తీసి, అచ్చైన సంవత్సరం కోసం మొదటి పేజీ చూశాను. అన్నేళ్లలో మొదటి పేజీ చూడడం అదే మొదలు. మౌనిక అన్నది నిజమే, ఆమె పుట్టడానికి చాలా ముందుది. లైబ్రేరియన్ సారుకు చూపించి, లోపల ఒక చీటీ అతికించమన్నాను. "ఇందులోని స్కాన్ పద్ధతి పాతది, డాక్టర్‌ను అడగండి" అని నా ముందే రాసి అతికించాడు.

మళ్లీ స్కాన్. ఈసారి టెక్నీషియన్ అడగకముందే మా ఆయన, "పది రోజుల సంది ఏం జెయ్యలే సార్, మొక్కు గూడ మొక్కలే" అన్నాడు. అతనికి అర్థం కాలేదు గానీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గంట గదిలో, అరగంట స్కాన్, తర్వాత బల్ల మీద ఎదురుచూపు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మళ్లీ పడుకోమంటారేమో అని చూశాను. పిలవలేదు.

డాక్టరమ్మ బొమ్మ మా వైపు తిప్పింది. కండలన్నీ చీకటిగా ఉన్నాయి. మెదడు, గుండె, మూత్రాశయం వెలుగుతున్నాయి, అవి ఎప్పుడూ వెలుగుతాయట. ఎడమ చంకలో పెసరగింజంత మసక.

"అది?" అన్నాను.

"లివర్ కంటే తక్కువ వెలుగు. రోగం అనం. దీన్ని కంప్లీట్ మెటబాలిక్ రెస్పాన్స్ అంటాం, అంటే రోగం మందుకు పూర్తిగా లొంగినట్టు. అయినా కొన్నేళ్లు కనిపెట్టుకొని ఉండాలి."

ఆయన నెమ్మదిగా అడిగాడు, "అంటె మేడం, మందులు ఇగ లేనట్టేనా?"

"లేనట్టే."

బయటికి వచ్చి బల్ల మీద ఇద్దరం కూర్చుండిపోయాం. ఏడుపు రాలేదు. మౌనికకు ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాను.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. డాక్టర్ సరేనన్నాక ఆయన ఇప్పుడు రెండే చెట్లు గీస్తున్నాడు. చెకప్ దగ్గర పడితే వారం ముందు నుంచే నాకు అన్నం దిగదు. దగ్గినా, చెమట పట్టినా, మెడ గోక్కున్నా నా చూపు అక్కడికే పోతుంది. ఈ భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. లైబ్రరీకి పోతూనే ఉన్నాను. పుస్తకం తీయగానే మొదట అచ్చైన సంవత్సరం చూస్తాను, తర్వాతే చదువుతాను. ఆస్పత్రి మాటకూ పుస్తకం మాటకూ తేడా వస్తే, దాన్ని నాలో నేను తేల్చుకోకుండా డాక్టర్‌నే అడుగుతాను.

మా సంగతి తెలిసి కొడిమ్యాల, బోయినపల్లి దిక్కు నుంచి అప్పుడప్పుడు ఫోన్లు వస్తాయి. నేను చెప్పేది ఒక్కటే. పెట్ స్కాన్‌కు పోయే ముందు రెండు రోజులు మీ ఒళ్లు ఏమేం చేసిందో అంతా చెప్పండి. పని అనుకున్నదీ, పని కాదనుకున్నదీ. చెట్టెక్కితే చెప్పండి, నాటు వేస్తే చెప్పండి, బోనమెత్తి దూరం నడిస్తే చెప్పండి. తిడతారని దాయకండి.

మొన్న బోయినపల్లి నుంచి ఒకామె మాట్లాడింది. భర్తకు లింఫోమా, తెల్లారితే స్కాన్. ఆయన సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని చేస్తాడట.

"ఇయ్యాల ఏం పని జేసిండు చెల్లే?" అని అడిగాను.

"ఇయ్యాల పనికి పోలేదక్కా, ఊకెనే ఉన్నడు. తెలిసినోళ్ల సాంచెలు కొత్త షెడ్డుకు మారుస్తుంటె పొద్దంత సాయం వట్టిండు, గంతే."

"ఫోన్ పెట్టెయ్" అన్నాను. "ఆస్పత్రి నంబరుకు ఇప్పుడే చేసి, గా ముచ్చట నాకు చెప్పినట్టే వాళ్లకు చెప్పు. తర్వాత నాతోని మాట్లాడుదువు."